డాల్స్ కోసం మినియేచర్ ఆర్ట్ సామాన్లు: ఏవి బాగున్నాయి, ఏవి దండగ?

చిట్టికుంచె

అందరికీ నమస్తే. నా 1:6 డాల్స్ (నిజం సైజులో ఆరో వంతు ఉండేవి) కోసం ఒక పెయింటింగ్ స్టూడియో తయారుచేస్తున్నాను. ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు), పాలెట్ (రంగులు కలుపుకునే పలక), రంగుల ట్యూబులు, కుంచెలు, స్కెచ్‌బుక్కులు, స్టూలు... ఒక్కొక్కటీ తెప్పించి డాల్ పక్కన పెట్టి, చేతికిచ్చి చూశాను. మన దగ్గర డ్రెస్సుల మీద, విగ్గుల మీద బోలెడు చర్చ ఉంది కానీ ఆర్ట్ సామాన్ల గురించి ఒక్కచోట సమాచారం దొరకడం లేదు. అందుకే ఈ టాపిక్ మొదలుపెడుతున్నా. మీ దగ్గరున్న వాటి గురించి కూడా రాయండి.

ముందు ఈజిల్. నిజమైన స్టూడియో ఈజిల్ 170-180 సెం.మీ. ఎత్తు ఉంటుంది. ఆరో వంతు చేస్తే 28 నుంచి 30 సెం.మీ. బార్బీ ఎత్తు 29 సెం.మీ. కాబట్టి ఈజిల్ ఇంచుమించు ఆమెతో సమానంగా నిలబడాలి. కానీ "డాల్ ఈజిల్" పేరుతో అమ్మేవాటిలో చాలావరకు 12-15 సెం.మీ. ఫోటో స్టాండ్లే. అవి డాల్ నడుము దాకా కూడా రావు. బల్ల మీద పెట్టే చిన్న ఈజిల్‌గా వాడుకోవచ్చు, అంతకుమించి పనికిరావు. నాకు బాగా నచ్చింది ముక్కలుగా వచ్చే లేజర్ కట్ ప్లైవుడ్ కిట్. అతికించడానికి ఓపిక కావాలి కానీ కాన్వాస్ పెట్టే అడ్డకర్ర పైకీ కిందకీ జరుగుతుంది. రెసిన్‌తో (ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటిది) పోత పోసినది చూడ్డానికి ముద్దుగా ఉంది, కాన్వాస్ మాత్రం దానికే అతుక్కుని ఉంది. పెయింటింగ్ మార్చే వీలు లేకపోతే స్టూడియోలో రోజూ ఒకే బొమ్మ కనిపిస్తుంది. నేనైతే దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

పాలెట్లు చాలా నిరాశపరిచాయి. దాదాపు అన్నీ చాలా చిన్నవి, చాలా మందం. బొటనవేలి కన్నం పేరుకి ఉంటుంది, అందులోకి డాల్ వేలు దూరదు.

రంగుల ట్యూబుల్లో రెసిన్‌వీ, మెత్తటి ప్లాస్టిక్‌వీ, అల్యూమినియం రేకువీ చూశాను. రేకువి మిగతావాటికి అందనంత బాగున్నాయి. నొక్కితే నలుగుతాయి, వాడిన ట్యూబులా మడత పడతాయి. రెసిన్ ట్యూబులన్నీ ఒకే అచ్చులోంచి వచ్చి నున్నగా, కొత్తగా ఉంటాయి. పది ట్యూబులు పక్కపక్కన పెడితే దుకాణం అరలా ఉంటుంది, పని జరుగుతున్న స్టూడియోలా ఉండదు.

కుంచెల గురించి విడిగా రాస్తా. చెప్పాల్సింది చాలా ఉంది. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్తా: అమ్మకందారు పెట్టిన ఫోటోలో ఏ కుంచె అయినా బాగుంటుంది. మీ డాల్ చేతిలో నిలుస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఆరోవంతు

మంచి టాపిక్ చిట్టికుంచె గారూ. కొనేముందు చూసుకోవడానికి నా నోట్‌బుక్కులోని కొలతలు కొన్ని ఇస్తున్నా. అన్నీ 1:6కే. 1:12 వాళ్లు సగం చేసుకోండి.

మామూలు పెన్సిల్ పొడవు సుమారు 17.5 సెం.మీ., మందం 7 మి.మీ. ఆరో వంతు చేస్తే పొడవు 29 మి.మీ., మందం 1.2 మి.మీ. టూత్‌పిక్ మందం దాదాపు 2 మి.మీ. ఉంటుంది. దానికి రంగేసి పెన్సిల్ అని అమ్మితే డాల్ చేతిలో 12 మి.మీ. దుడ్డుకర్ర పెట్టినట్టే. కుంచె కాడకి మాత్రం టూత్‌పిక్ సరిపోతుంది, ఎందుకంటే ఆయిల్ పెయింటింగ్ కుంచెల కాడలు మధ్యలో లావుగానే ఉంటాయి. పొడుగుకాడ కుంచె 30 సెం.మీ. అనుకుంటే మనకి 5 సెం.మీ. కావాలి.

37 మి.లీ. రంగు ట్యూబు సుమారు 10 సెం.మీ., అంటే 1.7 సెం.మీ. చాలు. A4 కాగితం 35 × 49.5 మి.మీ. 60 × 90 సెం.మీ. కాన్వాస్ అయితే 10 × 15 సెం.మీ.

పేజీలో "1:6" అని రాసి ఉన్నా నమ్మొద్దు. కొలతలు మిల్లీమీటర్లలో ఇచ్చారా లేదా చూడండి. ఇవ్వకపోతే అడగండి. అడిగినా చెప్పకపోతే వదిలేయడమే మేలు. ఒకే వస్తువుని 1:6, 1:8, 1:12 అన్నిటికీ సరిపోతుందని రాసేవాళ్లు ఎక్కువయ్యారు. 1:12కి సరిగ్గా ఉన్న పాలెట్ 1:6లో సగం సైజే కదా, రెంటికీ ఎలా సరిపోతుంది?

మొదటిమెట్టు

నమస్తే అండీ, నేను ఇక్కడ కొత్త. మా అక్క కూతురికి ఆరేళ్లు. డాల్‌కి ఆర్ట్ రూమ్ కావాలని అడుగుతోంది. రెసిన్ పోసి మనమే చేసుకునే మినియేచర్ కిట్లు కనిపించాయి, చాలా బాగున్నాయి. అవి కొనొచ్చా? చిన్నపిల్ల కాబట్టి కొంచెం టెన్షన్‌గా ఉంది.

చేతిపని

మొదటిమెట్టు గారూ, ఆరేళ్ల పాపకి రెసిన్ ద్రవం ఉన్న కిట్ వద్దండీ. ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నా.

UV రెసిన్ లైటు కింద పూర్తిగా గట్టిపడితే పెద్దగా ఇబ్బంది లేదు. గట్టిపడని ద్రవంలో అక్రిలేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి చర్మానికి తగిలితే మంట, దురద రావొచ్చు, ఆవిరి పీలిస్తే ఊపిరికి ఇబ్బంది. అంతకంటే పెద్ద సమస్య ఎలర్జీ. ఒకసారి శరీరం అక్రిలేట్లకి ఎలర్జీ తెచ్చుకుంటే అది సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. తర్వాత జెల్ నెయిల్ పాలిష్, పళ్లకి వాడే కొన్ని పదార్థాలు కూడా పడకపోవచ్చు. 2024 జూన్‌లో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ మినీవర్స్ మేక్ ఇట్ మినీ అనే రెసిన్ మినియేచర్ కిట్లని రీకాల్ చేయించింది. ఆ దేశంలోనే సుమారు 2 కోట్ల 10 లక్షల సెట్లు. కారణం ఇదే, ద్రవ రెసిన్‌లోని అక్రిలేట్లు. పాత స్టాకో, ఎవరో వాడకుండా ఉంచుకున్నదో చేతికొస్తే లోపల ఏముందో చూసుకోకుండా పిల్లలకి ఇవ్వకండి.

పెద్దవాళ్లు చేసుకునేటప్పుడు కూడా నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. గ్లవ్ మీద రెసిన్ పడితే తుడిచి కొనసాగించకుండా వెంటనే మార్చేయండి. పల్చటి గ్లవ్స్‌లోంచి అక్రిలేట్లు త్వరగానే లోపలికి దిగుతాయి. కిటికీ తెరిచి ఉంచండి. పైన గట్టిపడినా లోపల మెత్తగా ఉండొచ్చు, ముఖ్యంగా చిక్కటి రంగు కలిపినప్పుడు. అందుకే పల్చటి పొరలుగా పోసి, ఒక్కో పొరని విడిగా లైటు కింద పెట్టాలి.

పాపకి కాగితం, అట్ట, చెక్కతో చేసినవి ఇవ్వండి. తనే రంగులేసుకుంటుంది.

నిర్వాహకులు

చేతిపని గారు చెప్పినదానికి రెండు విషయాలు కలుపుతున్నాను. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ సామాన్లు ఏవీ అందుబాటులో ఉండకూడదు. బొమ్మల భద్రతా పరీక్షల్లో చిన్న ముక్కల కోసం వాడే గొట్టం వ్యాసం 31.7 మి.మీ. అందులో పట్టే వస్తువు గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉందని లెక్క. ఇక్కడ మాట్లాడుకుంటున్న ట్యూబులు, కుంచెలు, జాడీలు దాదాపు అన్నీ అందులో పట్టేస్తాయి.

రెండోది అయస్కాంతాలు. డాల్ చేతిలో వస్తువు నిలబడడానికి కొన్ని సెట్లలో చిన్న నియోడిమియం అయస్కాంతాలు పెడుతున్నారు. ఒకటి కంటే ఎక్కువ మింగితే అవి పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి లాగి కన్నాలు చేస్తాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. పిల్లలు ఆడుకునే డాల్‌కి అయస్కాంతం సెట్లు వద్దు. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెద్దకళ్ళు

ఆరోవంతు గారి కొలతలకి థాంక్స్, కానీ నాది కొంచెం వేరే అభిప్రాయం. నా దగ్గరున్నవి పెద్ద తల, పెద్ద కళ్లు ఉండే బ్లైత్ డాల్స్. ఒళ్లు 1:6కి దగ్గర, తల మాత్రం చాలా పెద్దది. సరిగ్గా లెక్కగట్టి చేసిన 1.7 సెం.మీ. ట్యూబు ఆ మొహం పక్కన కనిపించనే కనిపించదు. ఫోటోలో ఏదో చెత్త పడినట్టుంటుంది. నేను కావాలనే కొంచెం పెద్దవి వాడతాను. రెండున్నర సెంటీమీటర్ల ట్యూబు, ఆరేడు సెంటీమీటర్ల కుంచె. ఆ పెద్ద కళ్లకి అవే నప్పుతాయి. స్కేలు లెక్కలకి కట్టుబడి డాల్ అందం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆరోవంతు

పెద్దకళ్ళు గారూ, బ్లైత్ విషయంలో మీతో ఒప్పుకుంటా. కానీ చేతులు చూడండి. తల పెద్దదైనా అరచేయి చిన్నదే. ఆరేడు సెంటీమీటర్ల కుంచె చేతిలో పెడితే బరువుకి కిందకి వాలిపోదా? చేత్తో పట్టుకునేవి స్కేలులో, పక్కన పెట్టేవి మీ ఇష్టం. నేనైతే అక్కడ గీత గీస్తాను.

పెద్దకళ్ళు

కాడ బాల్సా చెక్కతో చేస్తే బరువు ఉండదండీ, వాలదు. పైగా చిన్నపిల్ల పెద్దవాళ్ల కుంచె పట్టుకున్నట్టు ఉంటుంది, అది నాకు చాలా ఇష్టం. మీ గీత మీది, నా గీత నాది :)

చెక్కపొడి

లేజర్ కట్టింగ్ చేసేవాడిగా పాలెట్ల గురించి చెప్తా. అవి ఎందుకు మందంగా వస్తాయంటే, చాలామంది ఈజిల్ కోసినదే 3 మి.మీ. ప్లైవుడ్ షీటులో మిగిలిన జాగాలో పాలెట్ కూడా కోసేస్తారు. ఈజిల్ కర్రకి 3 మి.మీ. అంటే నిజంలో 18 మి.మీ., బాగానే ఉంటుంది. పాలెట్‌కి అదే 3 మి.మీ. అంటే తలుపు చెక్క పట్టుకున్నట్టు. నిజమైన చెక్క పాలెట్ 4-5 మి.మీ. మందమే ఉంటుంది, కాబట్టి 1:6లో ఒక మిల్లీమీటరు కూడా ఎక్కువే. ఫర్నిచర్ మీద అతికించే వెనీర్ 0.5-0.6 మి.మీ. ఉంటుంది. రెండు పొరలు, ఒకదాని చారలు ఇంకోదానికి అడ్డంగా వచ్చేలా అతికించి కోస్తే మందం ఒక మిల్లీమీటరు దగ్గరకి వస్తుంది, కొంచెం ఎక్కువే అయినా 3 మి.మీ. కంటే చాలా నయం, తేలిగ్గా విరగదు కూడా.

సైజు సంగతికొస్తే, 40 × 30 సెం.మీ. పాలెట్‌కి 6.7 × 5 సెం.మీ. రావాలి. అమ్మేవి 3 సెం.మీ. దగ్గర ఆగిపోతున్నాయి. కన్నం 5 మి.మీ. ఉంటే చాలు, కానీ అంచుకి దగ్గరగా ఉండాలి. చాలా డాల్స్‌కి బొటనవేలు చేతి నుంచి కొంచెమే విడిపడి ఉంటుంది, మధ్యలో కన్నం పెడితే వేలు అందదు.

ఇంకో సంగతి. MDFతో (చెక్కపొడిని అదిమి చేసిన పలక) చేసిన ఈజిల్ కంటే ప్లైవుడ్, బాస్‌వుడ్ (తేలికైన మెత్తటి చెక్క)వి తీసుకోండి. సన్నటి MDF కర్రలు అతుకుల దగ్గర పొరలుగా చీలిపోతాయి. లేజర్ కోసిన అంచు నల్లగా ఉంటే సన్న గరుకు కాగితంతో రుద్దాకే డాల్ దగ్గర పెట్టండి. ఆ మసి డాల్ వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) చేతికీ, తెల్ల డ్రెస్సుకీ అంటుకుంటుంది.

పన్నెండోవంతు

మా 1:12 వాళ్ల కష్టం ఇంకో రకం. 3 మి.మీ. కర్ర మాకు 36 మి.మీ. అవుతుంది, మామూలు మడత ఈజిల్ కాళ్లు స్తంభాల్లా కనిపిస్తాయి. 1.5 మి.మీ. షీటుతో చేసినవే చూసి తీసుకోండి.

అయితే ఇంకో మాట. చిన్నవన్నీ ఉత్తుత్తివే అయి ఉండాలని ఎక్కడా లేదు. 1921-24 మధ్య ఆర్కిటెక్ట్ లుట్యెన్స్ రూపకల్పనలో తయారైన క్వీన్ మేరీ డాల్స్ హౌస్ 1:12లోనే ఉంది, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని విండ్సర్ కాసిల్‌లో చూడొచ్చు. అందులోని చిన్న చిత్రాలు అప్పటి చిత్రకారులు చేత్తో వేసినవి, పుస్తకాలు రచయితలు తమ చేత్తో రాసి ఇచ్చినవి. అందుకే ప్రింటు తీసి అతికించిన కాన్వాస్ కంటే మనం వేసిన చెత్త పెయింటింగే నాకు ఎక్కువ నచ్చుతుంది.

చిట్టికుంచె

చెక్కపొడి గారూ, వెనీర్ ఆలోచన అద్భుతం. ఈ వారమే చేస్తా.

ఇక కుంచెల సంగతి. మూడు రకాలు వస్తున్నాయి. ఒకటి మొత్తం ఒకే ప్లాస్టిక్ ముక్క, వెంట్రుకల భాగం కూడా అచ్చే. దూరం నుంచి పర్వాలేదు, దగ్గరి ఫోటోకి పనికిరాదు. రెండోది చెక్క కాడకి కొంచెం దూది అంటించినది. అది కుంచెలా ఉండదు, చెవి తుడిచే పుల్లలా ఉంటుంది. మూడోది నిజమైన వెంట్రుకలతో, చిన్న లోహపు పట్టీతో వస్తుంది. ఇదొక్కటే కొనదగ్గది. కొనేటప్పుడు వెంట్రుకల కొస చూడండి. నిజమైన 13 మి.మీ. చదును కుంచె మనకి 2 మి.మీ. వెడల్పు అవుతుంది. చాలా సెట్లలో వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుని 4-5 మి.మీ. దాకా వెళ్తాయి. పలచగా కలిపిన జిగురు నీళ్లలో ముంచి, వేళ్లతో చదును చేసి ఆరబెడితే చాలావరకు దారికొస్తాయి.

పట్టుకోవడం అసలు సమస్య. మామూలు బార్బీ వేళ్లు కలిసిపోయి ఉంటాయి. కీళ్లు ఎక్కువగా ఉండే మేడ్ టు మూవ్ రకం బార్బీకి 22 కీళ్లు, మణికట్టు తిరుగుతుంది, మోచేయి మడుస్తుంది, కానీ వేళ్లు కదలవు. ఈజిల్ ముందు నిలబడే పోజు మాత్రం చక్కగా వస్తుంది. చేతులు మార్చుకునే వీలున్న ఒబిట్సు, అజోన్ (జపాన్ కంపెనీలు) డాల్ బాడీల్లో పట్టు ఉన్న చేయి విడిగా దొరుకుతుంది. స్టూడియో సీన్లు ఎక్కువగా తీసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఇంకో కుంచెల సెట్టు కొనేబదులు ముందు ఆ చేతులు కొనండి.

చేతిపని

చేతులు మార్చలేని డాల్స్‌కి నేను వాడేది పారదర్శకంగా ఉండే చిన్న సిలికాన్ బ్యాండు. అరచేతికి ఒక చుట్టు, కాడకి ఒక చుట్టు. ఫోటోలో కనబడదు. మామూలు రబ్బరు బ్యాండు వద్దు, కొన్నాళ్లకి జిగటగా మారి వినైల్‌కి అంటుకుపోతుంది. పోస్టర్లు అతికించే మెత్తటి జిగురు ముద్ద కూడా ఫోటో తీసేంతసేపు పెట్టి తీసేయండి. అందులో నూనె ఉంటుంది, వదిలేస్తే కాగితానికీ పెయింట్ వేయని చెక్కకీ మరక పడుతుంది.

నిజమైన లోహపు పట్టీ ఉన్న కుంచెలు చేతిలో పెట్టి నెలల తరబడి వదలకండి. పాత బార్బీలకి లోహపు చెవిపోగుల వల్ల చెవి దగ్గర పచ్చ మరక వచ్చేది గుర్తుందా, అదే సంగతి ఇక్కడా. రాగి, ఇత్తడి వినైల్‌తో కలిసి పచ్చగా చేస్తాయి, ఆ మరక లోపలికి దిగిపోతుంది. అల్యూమినియం పట్టీతో ఆ భయం లేదు.

మెత్తటి ప్లాస్టిక్ ట్యూబులు, ఆప్రాన్లు ఉంటే వాటిని గట్టి ప్లాస్టిక్ బల్లల మీద, ట్రేల్లో పడేసి ఉంచకండి. మెత్తటి PVCలోని మెత్తదనం కోసం కలిపే పదార్థం బయటికి వస్తుంది, పాలిస్టైరీన్ ట్రే మెత్తబడి రెండూ అతుక్కుపోతాయి. మధ్యలో కాగితం వేస్తే చాలు.

లెన్స్‌మూత

సామాన్ల నాణ్యత గురించి అందరూ బాగా చెప్పారు. ఫోటో తీసేవాడిగా ఒక్క విషయం: మెరుపు తగ్గించండి. చిన్న వస్తువు మీద పెద్ద మెరుపు పడితే అది ప్లాస్టిక్ అని ఇట్టే తెలిసిపోతుంది. కొన్న ట్యూబులు, జాడీలు ఏవైనా ఒక పల్చటి మ్యాట్ వార్నిష్ కోటు వేస్తే ఫోటోలో వాటి వయసే మారిపోతుంది. గాజు జాడీల్లో నీళ్లు, పాలెట్ మీది తడి రంగు మాత్రం మెరవాలి, వాటిని వదిలేయండి.

ఫోన్‌ని డాల్ మొహం దగ్గర పెట్టి తీయకండి. అంత దగ్గర నుంచి తీస్తే కుంచె ఒక్కటే స్పష్టంగా, మొహం మసకగా వస్తుంది. కొంచెం వెనక్కి జరిగి జూమ్ చేయండి. కెమెరా ఉన్నవాళ్లు లెన్స్ కన్నం (అపెర్చర్) చిన్నది చేసి f/11 దగ్గర ప్రయత్నించండి. ఇక వెలుతురు. ఉత్తరార్ధగోళంలో చిత్రకారులు ఉత్తరం కిటికీని ఎందుకు కోరుకుంటారంటే అక్కడ నేరుగా ఎండ పడదు, నీడలు రోజంతా పెద్దగా మారవు. మన చిన్న గదికీ అంతే. ఒక పక్క కిటికీ కన్నం చేసి, దాని బయట తెల్ల కాగితం అడ్డుపెట్టి, వెనక లైటు వెలిగించండి. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోని 68 థార్న్ మినియేచర్ గదుల ఫోటోలు చూస్తే తెలుస్తుంది, కిటికీల బయట నుంచి వచ్చే వెలుతురు వల్లే అవి నిజం గదుల్లా ఉంటాయి.

మొదటిమెట్టు

చాలా చాలా థాంక్స్ అందరికీ. రెసిన్ కిట్ ఆలోచన మానేశాను. మరి పాప కోసం ముందు ఏమేం తీసుకోవాలి? అన్నీ ఒకేసారి వద్దు. ఏడాది కిందట వచ్చిన మామూలు బార్బీ తన దగ్గరుంది. రీమెంట్ సెట్లు బాగుంటాయని ఎక్కడో చదివాను, అవెలా ఉంటాయి?

పెద్దకళ్ళు

రీమెంట్ గురించి నేను చెప్తా, నా దగ్గర చాలా ఉన్నాయి. జపాన్ కంపెనీ. ప్రింటింగ్, లేబుళ్లు, మూతల అంచులు ఇంత చిన్న సైజులో అంత శుభ్రంగా చేసేవాళ్లని నేను ఇంకొకరిని చూడలేదు. చాలా సెట్లు 1:6 డాల్స్‌కి దగ్గరగా సరిపోతాయి, కానీ ఒకే పెట్టెలో ఒక వస్తువు పెద్దది, ఇంకోటి చిన్నది ఉండడం మామూలే. సమస్య ఏంటంటే బ్లైండ్ బాక్సులు, తెరిచేదాకా లోపల ఏ సెట్టు ఉందో తెలీదు. స్టేషనరీ, ఆర్ట్ సామాన్ల సిరీస్‌లు ఆగిపోయాక విడిగా అమ్మేవాళ్ల దగ్గరే దొరుకుతాయి, అప్పుడు ముక్కలన్నీ ఉన్నాయా అని పెట్టెలోని కాగితంతో సరిచూసుకోవాలి. ఆరేళ్ల పాపకి ఇవి వద్దు, మరీ చిన్న ముక్కలు. ఒక్క రోజులో సగం పోతాయి. మీకోసం కొనుక్కోండి!

చిట్టికుంచె

మొదటిమెట్టు గారూ, పాపకి ముందు ఈజిల్ ఒక్కటే తీసుకోండి, అదీ 25 సెం.మీ. దాటినది. డాల్ పక్కన పెట్టగానే "ఈమె పెయింటర్" అని తెలిసేది దానివల్లే. తర్వాత ఒక పాలెట్. మిగతావన్నీ మీరూ పాపా కలిసి ఇంట్లో చేయొచ్చు. కాన్వాస్ చేయడం తేలిక: 3 మి.మీ. ఫోమ్ బోర్డు 10 × 15 సెం.మీ. కోసి, సన్న నేత నూలు గుడ్డ చుట్టి వెనక అతికించి, తెల్ల అక్రిలిక్ రంగు ఒక కోటు వేయండి. నిజమైన కాన్వాస్ గుడ్డ వాడకండి, దాని నేత ఈ సైజులో గోనెసంచిలా కనిపిస్తుంది. కోయడం మీరు చేయండి, పెయింటింగ్ పాప చేస్తుంది.

చేతిపని

ట్యూబులు చేసే పద్ధతి కూడా రాసేస్తా. అల్యూమినియం టేపుని, జిగురు మీది కాగితం తీయకుండా, 4-5 మి.మీ. పుల్లకి చుట్టండి. అంచు మాత్రం కాగితం ఒలిచి అతికించండి. పుల్ల లాగేసి, ఒక కొసని చదును చేసి రెండు మడతలు వేయండి. రెండో కొసకి చిన్న పూస మూతగా అతికించండి. మధ్యలో రంగు పట్టీ గీసి, దాని కింద సన్న నల్లగీతలు రెండు. అక్షరాలు రాయాలని తాపత్రయపడకండి, 12 పాయింట్ల అక్షరం ఇక్కడ 2 పాయింట్లు అవుతుంది, ఎవరూ చదవలేరు. లేబుల్ కావాలంటే లేజర్ ప్రింటు తీయించండి. ఇంక్‌జెట్ సిరా ఇంత సన్న గీతల్లో పాకిపోతుంది.

గాజులా ఉండే జాడీలకి సూపర్ గ్లూ వాడొద్దు. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లగా పేరుకుంటుంది, తుడిచినా పోదు.

పన్నెండోవంతు

స్కెచ్‌బుక్కుల గురించి ఎవరూ రాయలేదు. కొన్నవాటిలో పేజీలు తిరిగేవి చాలా తక్కువ, చాలావరకు అట్ట ముక్కకి కవరు. పేజీలున్నవి కూడా మామూలు 80 జీఎస్‌ఎం కాగితంతో చేస్తారు. దాని మందం సుమారు 0.1 మి.మీ., 1:6లో 0.6 మి.మీ. అట్టతో సమానం, మాకైతే ఇంకా ఘోరం. తెరిస్తే పేజీలు నిక్కబొడుచుకుని నిలబడతాయి. 30 జీఎస్‌ఎం దగ్గర ఉండే టిష్యూ రకం కాగితంతో కుట్టుకోండి, పేజీ దానంతట అది వాలుతుంది.

పెన్సిల్ కావాలంటే 0.3 మి.మీ. మెకానికల్ పెన్సిల్ లెడ్ తీసుకుని దానికి జిగురు రాసిన సన్న కాగితం చుట్టండి. నిజం పెన్సిల్లో లెడ్ 2 మి.మీ., ఆరో వంతు అంతే వస్తుంది. జాగ్రత్తగా పట్టుకుంటే రాస్తుంది కూడా!

మొదటిమెట్టు

ఇంత చిన్న పెన్సిల్ నిజంగా రాస్తుందా! పాపకి చెప్తే నిద్రపోదు. ఇంకొక్క ప్రశ్న, చివరిది. స్టూలు, ఆప్రాన్ సంగతి ఏంటి?

ఆరోవంతు

కూర్చునే ఎత్తు 45 సెం.మీ. అయితే 7.5 సెం.మీ. కావాలి. ఈజిల్ ముందు వాడే పొడుగు స్టూలైతే 10 నుంచి 12 సెం.మీ. నాలుగు సెంటీమీటర్లవి ఎక్కువగా దొరుకుతాయి, అవి 1:12వి. మామూలు బార్బీ మోకాళ్లు సరిగ్గా మడవవు కాబట్టి పొడుగు స్టూలు తీసుకోండి, ఆనుకుని నిలబడినట్టు పెట్టొచ్చు.

చిట్టికుంచె

ఆప్రాన్ తెల్లదో లేత గోధుమరంగుదో కుట్టండి. ముదురు నీలం, నలుపు, ఎరుపు గుడ్డల రంగు వినైల్‌లోకి దిగుతుంది. నల్ల ఆప్రాన్‌తో వచ్చిన ఒక సెట్టులో డాల్ మెడ దగ్గర బూడిదరంగు నీడ పడింది, ఇప్పటికీ పోలేదు. ముదురు రంగే కావాలంటే ముందు బాగా ఉతికి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగడం లేదని చూసుకోండి. లోపల ఒక తెల్ల చొక్కా కూడా వేయండి. లేత గుడ్డ మీద అక్రిలిక్ మరకలు నాలుగు వేస్తే పని చేసే ఆప్రాన్‌లా ఉంటుంది, పైగా మరక వేయడం పాపకి బాగా నచ్చే పని.

వెనీర్ పాలెట్ కోసి రెండు పొరలూ అతికించాను, బరువు కింద ఆరుతోంది. కన్నం అంచుకి 4 మి.మీ. దూరంలో పెట్టాను. మేడ్ టు మూవ్ చేతికీ మామూలు బార్బీ చేతికీ పెట్టి చూసి ఫోటోలు ఇక్కడే పెడతా. చెక్కపొడి గారూ, నూనె పట్టించాలా, వార్నిష్ వేయాలా?

చెక్కపొడి

నూనె వద్దండీ, ఆరడానికి సమయం పడుతుంది, వినైల్ చేతికి అంటుతుంది. నీళ్లతో కలిపే మ్యాట్ వార్నిష్ రెండు పల్చటి కోట్లు, మధ్యలో ఒకసారి సన్న గరుకు కాగితం. వెనక వైపు కూడా వేయండి, ఒక వైపే వేస్తే వంకర తిరుగుతుంది.